నాన్నగారి సీజే-3బీ జీపు: పూర్తిగా విప్పి కట్టాలా, నడిపిస్తూ బాగుచేసుకోవాలా?

దేవరకొండ రైతు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది దేవరకొండకు దగ్గరలోని పల్లె. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మా నాన్నగారి మహీంద్రా సీజే-3బీ జీపు చాలా ఏళ్లుగా కదలకుండా నిలబడి ఉంది. 1973లో మహబూబ్‌నగర్‌లో రిజిస్ట్రేషన్ అయినట్టు ఆర్‌సీ పుస్తకంలో ఉంది. ఆయన అచ్చంపేట వైపు కాంట్రాక్టు పనులు చేసే రోజుల్లో కొని, ఊరికి తిరిగి వచ్చిన తరవాత ఎరువు బస్తాలు, మోటార్లు, పైపులు మోయడానికి, వర్షాకాలంలో నల్లరేగడి బాటలో ట్రాక్టరు తప్ప మరేదీ పోలేని చేనికి వెళ్లడానికి వాడారు. ఆయన కాలం చేశాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు నేను, నా తమ్ముడు కలిసి దాన్ని ఇంటి దగ్గరే బాగుచేయాలని నిర్ణయించుకున్నాం.

బండి పరిస్థితి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఇంజన్ కంపెనీ నుంచి వచ్చిన హరికేన్ పెట్రోల్ ఇంజనే, నంబరు ఆర్‌సీతో సరిపోతున్నది. హ్యాండిల్ పెట్టి తిప్పితే కదలడం లేదు. రేడియేటరు ఎండిపోయి ఉంది. డ్రైవరు కాళ్ల కింది రేకు జంగు పట్టి చిల్లులు పడింది, వెనక చక్రాల మీది పెట్టెల అడుగు కూడా అంతే. చాసిస్ చూడటానికి గట్టిగానే కనిపిస్తున్నది కాని, మట్టి పేరుకుపోయి ఉన్నందున లోపల ఎట్లా ఉందో చెప్పలేను. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు ఆనుతున్నది. స్టీరింగు పావు చుట్టు తిప్పినా చక్రం కదలదు. వైరింగు ఎలుకల పాలైంది. ఫోర్ వీల్ గేరు లివరు మాత్రం, బిగుసుకున్నా, పడుతున్నది.

మా దగ్గర వెల్డింగు మిషను, గ్రైండరు, దూలానికి వేలాడదీసిన చైన్ బ్లాకు, ట్రాక్టరు పనికి కొన్న పానాల సెట్టు ఉన్నాయి. కొండమల్లేపల్లిలో మా బావ లేత్ పని చేస్తాడు. కాబట్టి చేతికి పని కొత్త కాదు, కాని జీపు పని మాత్రం కొత్త.

ఒక మెకానిక్ వచ్చి చూసి, ఈ పెట్రోల్ ఇంజన్ పాత ఇనుముకు వేసి డీజిల్ ఇంజన్ ఎక్కిస్తే ఖర్చూ తగ్గుతుంది, లాగుడూ పెరుగుతుందన్నాడు. ఒక స్నేహితుడు మాత్రం బాడీ మొత్తం ఎత్తి, చాసిస్ దాకా విప్పి, ఒక్కొక్క నట్టూ శుభ్రం చేసి తిరిగి కడితే తప్ప లాభం లేదంటున్నాడు. ఇంకొందరేమో ముందు స్టార్టు చేసి, నడిపిస్తూ ఒక్కొక్కటి సరిచేసుకొమ్మంటున్నారు. ఇది ప్రదర్శనకు పెట్టే బండి కాదు. చేనికి పోవాలి, అమ్మను కూర్చోబెట్టుకుని నాగార్జునసాగర్ దాకా రోడ్డు మీద నిబ్బరంగా పోయి రావాలి, కాగితాలు సరిగా ఉండాలి. ఆర్‌సీ గడువు ఎప్పుడో తీరిపోయింది, అది ఇంకా నాన్న పేరు మీదే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాలమూరు మెకానిక్ (జవాబు)

తమ్ముడూ, నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రభుత్వ శాఖ వర్క్‌షాపులో జీపుల మీదే పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. నీ ప్రశ్నకు నా జవాబు ముందే చెబుతాను: ఇంజన్ మార్చవద్దు, బండిని ఇప్పుడే పూర్తిగా విప్పవద్దు. ముందు ఉన్నచోటనే ఇంజన్‌ను తిరిగేట్టు చెయ్యి. గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె), ముందు వెనక హౌసింగులు (ఇరుసులుండే పెట్టెలు) ఏ స్థితిలో ఉన్నాయో బండి నాలుగు అడుగులు కదిలితేనే తెలుస్తుంది. ఏ గేరు శబ్దం చేస్తున్నది, ఏ గేరు జారిపోతున్నది, ఎక్కడ నూనె కారుతున్నది అన్నవి విప్పి నేల మీద పరిచిన భాగాలు చెప్పవు. మన జిల్లాల్లో ఎన్నో షెడ్లలో విప్పిన జీపులు విప్పినట్టే ఉండిపోవడం నేను చూశాను. వాటి యజమానులకు ఓపిక లేక కాదు, బాగున్నదేదో చెడినదేదో తెలియకుండా అన్నిటికీ ఒకేసారి ఖర్చు పెట్టవలసి రావడమే దానికి కారణం.

మహీంద్రా వారు 1947లో విల్లీస్ అనే అమెరికా కంపెనీ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. అమెరికాలో సీజే-3బీ తయారీ 1953లో మొదలై 1968లో ఆగిపోయినా, ఇక్కడ ఆ నమూనా చాలా ఏళ్లు కొనసాగింది. నీకు సామాను దొరకడానికి అదే ఆధారం. సికింద్రాబాదు రాణీగంజ్‌లో బేరింగులు, ఆయిల్ సీళ్లు, బ్రేకు కిట్లు వెతికితే దొరుకుతాయి. పాత సీలు, పాత బేరింగు చేతిలో పట్టుకుని వెళ్లి, దాని మీది నంబరు చూపించి తెచ్చుకో. ఫోనులో చెప్పి తెప్పించుకుంటే కొలత తేడా వస్తుంది.

ఇంజన్ సంగతి. నీది 2,199 సీసీ ఎఫ్-హెడ్ ఇంజన్. దీంట్లో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకు పక్కన ఉంటాయి. చాలాకాలం నిలిచిన బండిలో ఎగ్జాస్ట్ వాల్వు గైడులో జంగు పట్టి తెరుచుకునే ఉండిపోవడం సాధారణం. ఇప్పుడు హ్యాండిలుకు పైపు తొడిగి బలవంతంగా తిప్పకు. నాలుగు ప్లగ్గులూ తీసి, ప్రతి సిలిండరులోకి డీజిలు, పలుచని ఇంజన్ ఆయిలు సమంగా కలిపి పోసి, కొన్నాళ్లు వదిలెయ్యి. ఇంకితే మళ్లీ పొయ్యి. ఆ తరవాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండిలును ముందుకు కాస్త, వెనక్కు కాస్త ఊపుతూ ఉండు. వెంట్రుక మందం కదిలినా చాలు, ఆ ఊపే మెల్లగా పెరుగుతుంది. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగిలిన వేళ్ల పక్కనే ఉండాలి, పిడికిలి చుట్టూ మడిచి పట్టకూడదు. స్టార్టు చేసేటప్పుడు ఇంజన్ ఎదురు తంతే మణికట్టు విరిగేది ఆ పట్టుతోనే.

తిరగడం మొదలైన తరవాత కూడా వెంటనే స్టార్టు చెయ్యకు. పాత ఆయిలు దించి, సంపు (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) విప్పి, అడుగున పేరుకున్న నల్లటి మడ్డిని, ఆయిలు పీల్చే జల్లెడను కడుగు. బ్లాకు పక్క మూత విప్పితే ఎగ్జాస్ట్ వాల్వుల స్ప్రింగులు కనిపిస్తాయి. ఇంజన్ తిప్పుతూ ఒక్కొక్క వాల్వు పైకి లేచి తిరిగి కూర్చుంటున్నదో లేదో కళ్లతో చూడు. హెడ్డు విప్పవలసి వస్తే ఒక్క విషయం గుర్తుంచుకో: ఒక హెడ్డు బోల్టు కార్బురేటరు కింద, గాలి లోపలికి పోయే దారిలో దాగి ఉంటుంది. అది తెలియక మిగిలినవన్నీ తీసి హెడ్డును గడ్డపలుగుతో లేపినవారు హెడ్డు పగలగొట్టుకున్నారు.

కొత్త ఆయిలు పోసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ మోటారుతో తిప్పి, ఆయిలు ప్రెషరు మీటరు లేచాకనే ప్లగ్గులు బిగించు. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల సందు అర మిల్లీమీటరు, ఫైరింగ్ వరుస (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2. మొదటిసారి పాత ట్యాంకు పెట్రోలుతో కాకుండా, పక్కన చిన్న డబ్బా కట్టి దాని నుంచి కార్బురేటరుకు పైపు ఇవ్వు. ట్యాంకులోని జంగు పొడి పంపులోకి, జెట్టులోకి చేరితే కష్టం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటున్నది. ఆ కాలపు రబ్బరు పైపులు, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్ దానికి తట్టుకోవు, మెత్తబడి చీలుతాయి. కాబట్టి అవి చూడటానికి బాగున్నా కూడా, ఇథనాల్‌కు పనికివచ్చే రకంతో మార్చు. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారడం చిన్న విషయం కాదు.

ఇక రేడియేటరు. మన నల్లగొండ బోరు నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది కాని, రేడియేటరును చంపేది ఫ్లోరైడు కాదు, ఆ నీళ్లలోని సున్నపు లవణాలు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే రేడియేటరు గొట్టాల్లోనూ, బ్లాకు లోపలా పేరుకుంటుంది. నాన్నగారు ఏ బోరు దొరికితే ఆ బోరు నీళ్లు పోసి ఉంటారు, ఆ రోజుల్లో అందరూ చేసిందే. రేడియేటరు మాత్రమే కడిగి ఊరుకుంటే, బ్లాకులో వెనక సిలిండరు చుట్టూ గట్టిపడిన మడ్డి అలాగే ఉండి, ఎండాకాలం ఎత్తు ఎక్కేటప్పుడు బండి మరిగిపోతుంది. బ్లాకు పక్కన ఉండే గుండ్రని రేకు మూతలు తీసి, సన్నని ఇనుప చువ్వతో లోపల గీకి, నీటి ధారతో రెండు వైపుల నుంచీ కడుగు. కొత్త మూతలు చవకే. ఇక ముందు డిస్టిల్డ్ వాటరు, కూలెంటు తప్ప మరేదీ పోయకు.

డీజిలు ఎందుకు వద్దంటున్నానంటే, ఈ బండి ముందు కమాన్లు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు), మూడు గేర్ల బాక్సు, బ్రేకులు ఈ పెట్రోల్ ఇంజన్ బరువుకూ బలానికీ తయారైనవి. బరువైన డీజిల్ ఇంజన్ ఎక్కిస్తే ముందు కమాన్లు కూర్చుంటాయి, స్టీరింగు బరువెక్కుతుంది, ఇంజన్ మౌంటింగులకు చాసిస్‌ను కోయవలసి వస్తుంది. ఇంధనం ఖర్చు తగ్గుతుందన్న మాట నిజమే. కాని నీ బండి రోజూ వంద కిలోమీటర్లు తిరిగేది కాదు.

మిర్యాలగూడ వెల్డరు (జవాబు)

పెద్దన్న చెప్పిన ఇంజన్ పని అక్షరాలా సరైనది. అయితే బాడీ విషయంలో నేను ఆయనతో ఏకీభవించలేను. ఇంజన్ తిరిగి, బండి నాలుగు అడుగులు కదిలిన తరవాత, రోడ్డు ఎక్కించడానికి ముందే బాడీ ఎత్తాలని నా అభిప్రాయం. మా ఊళ్లో రైస్ మిల్లుల యంత్రాలకు, ట్రాలీలకు వెల్డింగు చేస్తూనే పాత జీపుల బాడీలు కూడా కట్టాను. డ్రైవరు కాళ్ల కింది రేకు చిల్లులు పడిన జీపులో, ఆ రేకును మోసే అడుగు పట్టీలు బాగుండటం నేను చూడలేదు. ఆ పట్టీలు మూసిన కాలువల్లా ఉంటాయి కనుక, వాటిలో చేరిన బురద ఎప్పటికీ ఆరదు. పైన కొత్త రేకు అతికించి రంగు వేస్తే రెండు వర్షాకాలాలు నిలుస్తుంది, కింద జంగు తన పని తాను చేసుకుంటూ పోతుంది. నల్లగొండ ఎండ పొడిది కాబట్టి సముద్రతీరపు బండ్లంతగా ఇక్కడివి పాడు కావు. కాని షెడ్డులో పక్కనే పశువులను కట్టేసి ఉంటే మాత్రం ఆ మూత్రపు తడి చాసిస్‌ను తినేస్తుంది. మీ షెడ్డు ఎటువంటిదో చూసుకోండి.

మొదట చాసిస్ మీది మట్టిని పూర్తిగా గీకి, చిన్న సుత్తితో అంగుళం అంగుళం కొట్టి వినండి. గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, తినేసిన చోట మొద్దుగా పలుకుతుంది. ముఖ్యంగా కమాన్ల కొక్కేలు బిగించిన చోట్లు, ముందు బంపరు వెనక కొసలు, వెనక అడ్డ పట్టీ, బాడీ బోల్టులు దిగే చెవులు చూడండి. ఎక్కడైనా కోసే ముందు చాసిస్‌ను మట్టం చేసిన నాలుగు దిమ్మెల మీద నిలిపి, మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టి కొలవండి. రెండు కొలతలు సమానంగా ఉంటేనే చాసిస్ వంకర లేనట్టు. ఆ కొలతలు గోడ మీద రాసి పెట్టుకోండి, వెల్డింగు వేడికి లాగినా తెలుస్తుంది. చాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండరు పెట్టకూడదు, వెల్డింగు చుక్క కూడా పడకూడదు. గుడ్డతో తుడిచి, గ్రీజు రాసి, పైన టేపు చుట్టండి.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. ఈ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది, మీరు వెల్డింగు చేయవలసిన నేల కూడా దాని పక్కనే ఉంది. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని అక్కడ ఆర్క్ కొట్టవద్దు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. ట్యాంకును, పైపులను పూర్తిగా విప్పి, షెడ్డు బయట దూరంగా పెట్టాకనే వెల్డింగు మొదలుపెట్టండి. ట్యాంకుకు చిల్లు ఉంటే దానిని ఇంట్లో వెల్డింగు చేసే ప్రయత్నం అసలే వద్దు, ఆ పని తెలిసినవారికి ఇవ్వండి. బ్యాటరీ తీగ కూడా తీసెయ్యండి.

రేకుకు 18 గేజి కోల్డ్ రోల్డ్ షీటు తీసుకోండి. మామూలు ఆర్క్ మిషనుతో ఆ మందపు రేకు కాలి చిల్లు పడుతుంది. వీలైతే సీఓటూ మిషను (గ్యాసుతో సన్నని తీగను కరిగించి అతికే వెల్డింగు మిషను) అద్దెకు తెచ్చుకుని, ఒకేచోట గీతలా లాగకుండా, ఇక్కడొక చుక్క అక్కడొక చుక్క పెట్టుకుంటూ పోతే రేకు వంకర తిరగదు. పంజాబు, హర్యానా వైపు, ముఖ్యంగా మండీ డబ్వాలీలో, సిద్ధంగా చేసిన జీపు బాడీలు అమ్ముతారు. మీ బాడీలో కౌల్ (బానెటుకూ డ్రైవరుకూ మధ్య ఉండే ముందు రేకు), బానెటు, గ్రిల్లు, పక్క రేకులు బాగుంటే ఆ దారి పట్టకండి. నేల, అడుగు పట్టీలు, పెట్టెలు మాత్రమే కొత్తగా కట్టుకోవచ్చు. మీ నాన్నగారి బండి మీ నాన్నగారి బండిగానే ఉంటుంది.

ఇసుకతో కొట్టించి జంగు తీయిస్తామని కొందరు అంటారు. ఆ సన్నని ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే నయం కాని జబ్బు తెస్తుంది. ఇంటి దగ్గర, పిల్లలు తిరిగే చోట అది చేయించకండి. తీగ బ్రష్షు, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన జంగు మందు, ఎపాక్సీ ప్రైమరు చాలు. లప్పం అన్నది గీతలు పూడ్చడానికే గాని చిల్లులు పూడ్చడానికి కాదు.

నల్లగొండ కాగితాల పని (జవాబు)

మెకానిక్ గారు, వెల్డరు గారు చెప్పిన పనులకంటే ముందు మీరు చేయవలసిన పని కాగితాలది. నేను నల్లగొండలో రవాణా కార్యాలయం పనులకు దరఖాస్తులు రాసిపెడుతుంటాను. బండి మీద ఖర్చంతా పెట్టిన తరవాత ఆర్‌సీ రద్దయి ఉందని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

మొదట రికార్డు ఎక్కడ ఉందో కనుక్కోండి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక పాత మహబూబ్‌నగర్ జిల్లా కొంత నాగర్‌కర్నూలుకు, కొంత వనపర్తికి, గద్వాలకు వెళ్లింది. తరవాత నారాయణపేట కూడా వేరయింది. మీ బండి మొదట మహబూబ్‌నగర్‌లో రిజిస్టరయింది కాబట్టి పాత పుస్తకం పట్టుకుని ముందు అక్కడికే వెళ్లి, నంబరు ఇంకా అమలులో ఉన్నదా, ఏవైనా బకాయిలు, ఫైనాన్సు నమోదులు ఉన్నాయా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇప్పుడు మీరు నల్లగొండ జిల్లాలో ఉన్నారు కనుక అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం కూడా అవసరం కావచ్చు.

తరవాత పేరు మార్పిడి. యజమాని మరణిస్తే వారసులు 30 రోజుల లోపు తెలియజేయాలని, 3 నెలల లోపు ఫారం 31తో దరఖాస్తు చేయాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. ఆ గడువు దాటింది కాబట్టి జరిమానా ఉంటుంది, అయినా దారి మూసుకుపోలేదు. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, అమ్మగారితో సహా మిగతా వారసులందరి అంగీకారం సిద్ధం చేసుకోండి. అన్నదమ్ములిద్దరూ కలిసి చేస్తున్న పని కదా, ఎవరి పేరు మీద ఉండాలో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.

ఆ తరవాత రిజిస్ట్రేషన్ పొడిగింపు, ఫారం 25. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ పైన 5 ఏళ్లకొకసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లు, జీపుల పొడిగింపు రుసుము 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన వాటికి 10,000 చేశారు. దీనికి గ్రీన్ ట్యాక్సు, ఆలస్యపు రుసుము అదనం. అధికారి బండిని స్వయంగా చూసి, చాసిస్, ఇంజన్ నంబర్లు పోల్చుకుంటారు.

డీజిల్ ఇంజన్ వద్దనడానికి నాకున్న కారణం ఇదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా ఉండేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా మార్చిన బండిని రిజిస్టరు చేయరాదని స్పష్టం చేసింది. ఆర్‌సీలో పెట్రోలు అని ఉండి బానెటు కింద డీజిలు ఉంటే తనిఖీలో ఆగిపోతారు. అంతకంటే పెద్ద నష్టం, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేయడానికి అవకాశం ఇచ్చినవారవుతారు.

బండికి 50 ఏళ్లు దాటాయి కదా, వింటేజ్ నంబరు తీసుకోవచ్చని ఎవరైనా చెప్పవచ్చు. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం అది నిజమే. ‘వీఏ’ అక్షరాలతో కొత్త నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. కాని అలా రిజిస్టరైన బండిని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించడానికి తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. చేనికి, సాగర్‌కు పోవాలనుకునే మీకు అది పనికిరాదు. మామూలు పొడిగింపే చేయించుకోండి.

దేవరకొండ రైతు (ప్రశ్న అడిగినవారు)

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. డీజిల్ ఆలోచన పూర్తిగా మానుకున్నాం. ముందు మహబూబ్‌నగర్ వెళ్లి రికార్డు చూపించుకుంటాం. తరవాత ఇంజన్ తిప్పడం, ఆ తరవాత బాడీ ఎత్తడం అనే వరుసలో పోతాం. షెడ్డులో పశువులు లేవు కాని, పక్కనే యూరియా బస్తాలు నిల్వ ఉండేవి, వాటిని తీయించాను. పెద్దన్నా, బ్రేకులు, స్టీరింగు, టైర్ల గురించి కూడా మీ మాట వినాలని ఉంది. ట్రాక్టరు ముందు టైర్లు 6.00-16 సైజువి మా ఇంట్లో కొత్తవి ఉన్నాయి, జీపు రిమ్ముకు సరిపోతాయని తమ్ముడు అంటున్నాడు.

పాలమూరు మెకానిక్ (జవాబు)

తమ్ముడూ, వెల్డరు చెప్పిన వరుస నాకూ సమ్మతమే. బండి ఒకసారి కదిలి, లోపలి భాగాల సంగతి తెలిసిపోయాక బాడీ ఎత్తడానికి నాకు అభ్యంతరం లేదు. ఎత్తినప్పుడు బ్రేకు పైపులు, వైరింగు మార్చడం కూడా తేలికవుతుంది.

టైర్లు సైజుకు సరిపోతాయి, నిజమే. కాని ట్రాక్టరు ముందు టైరు తక్కువ వేగానికి తయారైనది. సాగర్ రోడ్డు మీద జీపు వేగానికి వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది, బ్రేకు వేసినప్పుడు తారు మీద పట్టూ ఉండదు. చేని వరకే అయినా పెట్టకు. నాలుగింటికీ ఒకే కంపెనీ, ఒకే అరుగుదల ఉన్న టైర్లు కొను. ఈ జీపులో ముందు హౌసింగుకూ వెనక హౌసింగుకూ మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. టైర్ల ఎత్తులో తేడా ఉండి ఫోర్ వీల్ వేస్తే ఆ ఒత్తిడి అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అదే కారణం చేత గట్టి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకూడదు. బురదలో, ఇసుకలో, రాళ్లలో మాత్రమే వెయ్యి.

బ్రేకుల్లో పాతది ఏదీ మిగల్చకు. మాస్టరు సిలిండరు నేల కింద, పెడళ్ల దగ్గర ఉంటుంది. బురదంతా దాని మీదనే పడుతుంది. దాన్ని, నాలుగు వీల్ సిలిండర్లను, రబ్బరు పైపులను, ఇనుప పైపులను కొత్తవి వెయ్యి. ఈ బండికి బ్రేకు ఆయిలు దారి ఒక్కటే. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. పైపులను చాసిస్‌కు క్లిప్పులతో బిగించాలి, తాడుతో కట్టకూడదు.

హ్యాండ్ బ్రేకు సంగతి మీ ఇద్దరికీ తెలియాలి. ఈ జీపులో అది చక్రాలను పట్టుకోదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, వెనక చక్రాలకు బలం అందించే జాయింటు షాఫ్టును పట్టుకుంటుంది. కాబట్టి హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా, వెనక ఒక్క చక్రాన్ని జాకీతో లేపితే, డిఫరెన్షియల్ వల్ల రెండో చక్రం స్వేచ్ఛగా తిరిగి బండి జాకీ మీద నుంచి దొర్లిపోతుంది. కిందికి దూరే ముందు ప్రతిసారీ నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు వెయ్యి, చాసిస్ కింద స్టాండ్లు పెట్టు. బండి నడుస్తుండగా ఆ బ్రేకు లాగకూడదు.

స్టీరింగులో అంత ఆట ఒక్కచోటనే ఉండదు. తమ్ముణ్ణి స్టీరింగు ఊపమని, నువ్వు కింద పడుకుని ఒక్కొక్క కీలు మీద చెయ్యి పెట్టి చూడు: స్టీరింగు బాక్సు, మధ్యలోని బెల్ క్రాంకు (స్టీరింగు కదలికను రాడ్లకు మళ్లించే కీలు), టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే మేకు) బేరింగులు, కమాన్ బుష్షులు. ఏది ముందు కదిలి ఏది ఆలస్యంగా కదులుతున్నదో చేతికి తెలుస్తుంది. ముందు చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతున్నదంటే కింగ్ పిన్ షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు) సరిచేయాలి, లేదా హబ్ బేరింగు బిగించాలి. ఇవి వదిలేసి స్టీరింగు బాక్సు ఒక్కటే బిగిస్తే, గుంతలో పడిన తరవాత ముందు చక్రాలు గడగడ వణికే జబ్బు మొదలవుతుంది.

గేరు బాక్సులో, ట్రాన్స్‌ఫర్ కేసులో 90 నంబరు జీఎల్-4 ఆయిలు పొయ్యి. జీఎల్-5లో ఉండే రసాయనాలు ఇత్తడి రింగులకు మంచివి కావు. ఈ రెండు పెట్టెల మధ్య ఆయిలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జరుగుతుంది కాబట్టి రెండింటి మట్టం వేరువేరుగా చూడు. ఒకటి నిండింది కదా అని రెండోది వదిలెయ్యకు.

అన్నీ అయ్యాక మొదట చేనులోనే, లో గేరులో, ఎవరినీ ఎక్కించుకోకుండా తిప్పి, ఆగిన ప్రతిసారీ నాలుగు డ్రమ్ముల మీద చెయ్యి ఆనించి చూడు. ఒక్కటి మిగతావాటి కంటే ఎక్కువ వేడెక్కితే ఆ బ్రేకు షూ పట్టేస్తున్నట్టు. అది సరిచేసి, డ్రమ్ము విప్పి మళ్లీ చూడు. ఆర్‌సీ పొడిగింపు రాకముందు బండి రోడ్డు ఎక్కకూడదు కాబట్టి, తనిఖీకి డీసీఎం (చిన్న లారీ) మీద ఎక్కించి తీసుకుపో. కమాన్ల మీద కాకుండా హౌసింగులకు తాళ్లు బిగించి, చక్రాలకు దిమ్మెలు కొట్టించు.